ఆ పగులు మీద మళ్లీ వెల్డింగ్ వేసేయకు

ప్రశ్న: మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పాత స్పోర్ట్స్ కారు ఒకటి తెచ్చుకుని కాయిలోవర్లు (స్ప్రింగ్, డ్యాంపర్ ఒకటిగా ఉండే యూనిట్లు) బిగించాను. స్ప్రింగ్ టైరుకు తగులుతోందని చక్రాన్ని కారుకు కలిపే కింది ఆర్మ్ మీద కాయిలోవర్ మౌంట్ బ్రాకెట్‌ను 40 మి.మీ. లోపలికి జరిపి వెల్డ్ చేశాను. ఆర్మ్ పొడవు పివట్ (కారు వైపు కీలు) నుంచి బాల్ జాయింట్ (చక్రం వైపు కీలు) దాకా 350 మి.మీ., మౌంట్ మొదట పివట్ నుంచి 245 దగ్గర ఉండేది, ఇప్పుడు 205 దగ్గర ఉంది. కారు మెత్తబడింది, కొన్నాళ్లకే బ్రాకెట్ వెల్డ్ పగిలింది. ఇదంతా దండగ, మార్కులు చూసుకో అంటున్నారు నాన్న. నాకేమో సస్పెన్షన్ డిజైన్‌లో ఉద్యోగం కావాలి. కారు వదిలేయాలా?

జవాబు: తమ్ముడూ, కారు వదలొద్దు, కానీ ముందు దాన్ని రోడ్డెక్కించడం ఆపు. పగిలిన చోట పైపైన ఇంకో వరస వెల్డింగ్ వేసి నడిపేద్దామనుకుంటే మాత్రం నేను మీ నాన్నగారి వైపే.

నువ్వు రెండు సమస్యలు రాశావు, నా లెక్కలో రెండూ ఆ 40 మిల్లీమీటర్ల దగ్గరే మొదలయ్యాయి. 245ని 350తో భాగిస్తే 0.7, ఇది మోషన్ రేషియో, అంటే చక్రం కదిలినదాంట్లో స్ప్రింగ్ ఎన్నో వంతు కదులుతుందో చెప్పేది. చక్రం దగ్గర తెలిసే గట్టిదనం ఈ రేషియో వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కాయిలోవర్ దాదాపు నిలువుగా ఉందనుకుంటే, స్ప్రింగ్ గట్టిదనంలో మొదట 0.49 వంతు చక్రానికి అందేది. ఇప్పుడు 205 దగ్గర రేషియో 0.586, దాని వర్గం 0.343. అంటే అదే స్ప్రింగ్‌తో 30 శాతం మెత్తబడింది, ఒకవేళ కాయిలోవర్ వాలు కూడా పెరిగి ఉంటే ఇంకా ఎక్కువే. ఇక బ్రాకెట్ సంగతి చూడు. చక్రం మీద 3000 న్యూటన్ల బరువు పడితే ముందు మౌంట్ మీద సుమారు 4290 పడేది, ఇప్పుడు 5120. దాదాపు 20 శాతం అదనపు బలాన్ని అదే మందం రేకు, అదే వెల్డ్ మోయాలి. దానికి తోడు బోల్టును ఒకవైపే పట్టుకునే సింగిల్ షియర్ బ్రాకెట్ అయితే గుంతలో పడ్డ ప్రతిసారీ అది వంగుతుంది, ఆ వంపు భారమంతా వెల్డ్ అంచు మీదే పడుతుంది. నీది ఏ రకమో రాయలేదు, ఒకసారి చూసుకో. బోల్టును రెండువైపులా పట్టుకునే డబుల్ షియర్ బ్రాకెట్ చేయడం మంచిది.

ఉద్యోగం విషయానికొస్తే, "కాయిలోవర్లు మార్చాను" అని రెజ్యూమేలో రాసేవాళ్లు చాలామంది ఉంటారు, పైన ఉన్న లెక్క చెప్పగలిగేవాళ్లు తక్కువ. విద్యార్థులే రేసు కారు డిజైన్ చేసి తయారుచేసే ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో మొత్తం 1000 పాయింట్లలో 150 డిజైన్ ఈవెంట్‌వే, అక్కడ జడ్జీలు అడిగేది ఇలా ఎందుకు చేశావు అనే. ఇంటర్వ్యూలో కూడా అంతే. అందుకే పగిలిన బ్రాకెట్‌ను కోసి తీసి దాచుకో, పారేయకు. కొత్తదాన్ని క్యాడ్‌లో గీసి, లోడ్లు చేత్తో లెక్కగట్టి, ఆ తర్వాతే ఎఫ్ఈఏ (భాగంలో ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం) చెయ్యి. చేతిలెక్క లేకుండా రంగురంగుల స్ట్రెస్ బొమ్మ చూపిస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతావు. కాలేజీలో ఫార్ములా స్టూడెంట్ టీమ్ ఉంటే చేరు, ఒంటరిగా చేసే పనిలో నీ తప్పు ఎత్తిచూపేవాళ్లు ఉండరు కదా.

మార్కుల గురించి నాన్నగారు చెప్పింది తీసిపారేయకు. చాలాచోట్ల మొదటి వడపోత వాటితోనే, కటాఫ్ దాటకపోతే నీ బ్రాకెట్ కథ వినే మనిషి దాకా కూడా వెళ్లలేవు. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, వైబ్రేషన్స్ ఇప్పుడు మళ్లీ తెరిచి చూడు, ఈసారి నీ కారే కనిపిస్తుంది. పరీక్షల నెలలో గ్యారేజీకి తాళం వెయ్యి.

కొత్త బ్రాకెట్ వెల్డ్ అయ్యాక డై పెనెట్రెంట్ పరీక్ష చేయించు. ఎర్ర రంగు పూసి, కాసేపాగి తుడిచి, తెల్ల డెవలపర్ కొడతారు, పైకి తెరుచుకున్న పగులుంటే తెలుపు మీద సన్నటి ఎర్ర గీత తేలుతుంది. ఆ రోజు నాన్నగారిని పక్కన నిలబెట్టుకో. ఆయన టెన్షన్ కారు మీద కాదు, నీ మీద.