రబ్బరుకీ ఫోమ్‌కీ ఒకే హార్డ్‌నెస్ మీటర్ సరిపోతుందా?

సందేహం: సార్, మాది బాలానగర్‌లో చిన్న యూనిట్, రబ్బరు గాస్కెట్లు చేస్తాం, ఈమధ్య ప్యాకింగ్‌కి ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్ ఫోమ్ షీట్లు కూడా కట్ చేసిస్తున్నాం. ఆన్‌లైన్‌లో షోర్ ఏ, సీ, డీ అని గట్టిదనం కొలిచే మీటర్లు కనిపిస్తున్నాయి. డిజిటల్‌ది ఒకటి కొంటే రెండింటికీ పనికొస్తుందా?

జవాబు: రాదండి. డిజిటలా, ముల్లుదా అన్నది తర్వాత సంగతి, ముందు కింద ఉండే పిన్ను చూడండి. షోర్ ఏ పిన్ను కొస 0.79 మిల్లీమీటర్లే, గాస్కెట్ మీద చక్కగా పనిచేస్తుంది, అదే ఫోమ్ మీద పెట్టారనుకోండి, ఒకచోట బుడగ గోడ మీద ఆగుతుంది, పక్కనే ఇంకోచోట బుడగలోకే దిగిపోతుంది, ఒకే షీటుకి ఒకటి 8 చూపిస్తే ఇంకోటి 17 చూపిస్తుంది, దేన్ని నమ్ముతాం? ఈవీఏకి కొస గుండ్రంగా, దాదాపు 5 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆస్కర్ సీ రకం కావాలి, చెప్పుల సోళ్లకి వాడేది కూడా అదే.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ఏఎస్‌టీఎం డీ2240 అనే అమెరికా ప్రమాణంలో కూడా టైప్ సీ అని ఒకటుంది, కానీ దాని కొస షోర్ ఏ లాంటిదే, స్ప్రింగ్ మాత్రం షోర్ డీ అంత బలం, 44 న్యూటన్ల పైనే, అది గట్టి రబ్బరుకి. ఆన్‌లైన్‌లో రెండింటినీ సీ అనే అమ్ముతారు కాబట్టి పిన్నుని దగ్గర్నుంచి తీసిన ఫొటో పంపమని అడిగి మరీ కొనండి.

గాస్కెట్లకి షోర్ ఏ చాలు. దాని రీడింగ్ 90 దాటితే షోర్ డీ వాడాలి, 20 కంటే తగ్గితే షోర్ ఓఓ లాంటి, మెత్తటివాటికి వాడే స్కేలుకి మారాలి. ఏ లో 70, డీ లో 70 ఒకటి కాదు, అందుకే బిల్లు మీద అంకె పక్కన స్కేలు కూడా రాయించండి.

కొలిచేటప్పుడు ముక్క కనీసం 6 మిల్లీమీటర్ల మందం ఉండాలి, మీ గాస్కెట్ 2 మిల్లీమీటర్లే అయితే మూడు పేర్చండి, లేకపోతే కింద బల్ల గట్టిదనం కూడా కలిసొచ్చి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. అంచుకి 12 మిల్లీమీటర్లు లోపల, ఐదు చోట్ల నొక్కండి. నొక్కాక ఎన్ని సెకన్లకి చదివారో అదే ప్రతిసారీ పాటించండి, రబ్బరు నెమ్మదిగా లొంగుతుంది కదా, అంకె దిగుతూ ఉంటుంది.

పరుపుల ఫోమ్ ఆర్డర్లు కూడా తీసుకుంటే మాత్రం వీటిలో ఏదీ పనికిరాదు. దానికి 200 మిల్లీమీటర్ల గుండ్రటి ప్లేటుతో 40 శాతం లోపలికి నొక్కి ఎన్ని న్యూటన్లు పట్టిందో చూస్తారు, అది ల్యాబ్ మెషీన్ పని. షాపుల్లో "40 డెన్సిటీ" అంటారే, అది క్యూబిక్ మీటరుకి 40 కిలోల బరువు, గట్టిదనం కాదు, ఒకే డెన్సిటీలో మెత్తటి ఫోమూ ఉంటుంది గట్టిదీ ఉంటుంది.