మిగతా తొమ్మిది వేళ్లూ బాగానే ఉన్నాయి, మరి ఇదొక్కటే ఎందుకిలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కుడిచేతి మధ్యవేలి గోరు మొదట్లో ఉండే పొర, అదే క్యూటికల్, నాలుగు నెలలుగా గోరు మీదికి పాకుతోంది. ఇప్పటికి మూడో వంతు కప్పేసింది. నొప్పి లేదు కానీ తల దువ్వుకుంటుంటే వెంట్రుకలు దానికి చిక్కుకుంటాయి. వారానికోసారి కత్తిరిస్తున్నా మళ్లీ ఇంకా గట్టిగా వస్తోంది, ఒకసారి లోపలికి నెట్టబోతే రక్తం వచ్చింది. మిగతా తొమ్మిది వేళ్లూ బాగానే ఉన్నాయి. ఇది ఫంగసా, విటమిన్ లోపమా? నెట్‌లో వెతికాక టెన్షన్ ఇంకా పెరిగింది.

జవాబు: ముందు ఆ కత్తెర పక్కన పెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది ‘మిగతా తొమ్మిది వేళ్లూ బాగానే ఉన్నాయి’ అన్న ముక్క. ఒంట్లో ఏదైనా లోపముంటే అది పనిగట్టుకుని మధ్యవేలినే వెతుక్కుంటూ రాదు కదా, నాలుగైదు గోళ్లలోనైనా తేడా కనిపిస్తుంది. ఒక్క వేలికే వచ్చిందంటే ఆ వేలికే ఏదో జరిగిందని మొదట అనుమానించాలి. తలుపు సందులో నలిగిందా, కాలిందా, పార్లర్‌లో ఎవరైనా మొదలంటా గీకారా, లేక ఏదో ఆలోచిస్తూ బొటనవేలితో ఆ గోటి మొదలునే గిల్లుతుంటారా? ఈ చివరిది అడిగితే చాలామంది ‘అబ్బే’ అంటారు, అంటూనే గిల్లుతుంటారు (మీ ఉత్తరం చదువుతూ నేను కూడా ఒక వేలి తోలు లాగేసుకున్నాను, అది వేరే సంగతి). కాస్త వెనక్కి వెళ్లి గుర్తు చేసుకోండి. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, పూర్తిగా కొత్త గోరు రావాలంటే ఆరు నెలలు పడుతుంది, కాబట్టి ఎప్పటిదో దెబ్బ గుర్తు ఇప్పుడు కనబడినా ఆశ్చర్యం లేదు.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. గోరు మొదట్లో కనిపించేదంతా క్యూటికల్ కాదు. పైన మడతలా ఉన్నది బతికున్న చర్మం, దాని కింద నుంచి వచ్చి గోరుకి అంటుకుని ఉండే పల్చటి చచ్చిన పొర మాత్రమే క్యూటికల్. సీసా మూతకి సీలు వేసినట్టు నీళ్లు, క్రిములు లోపలికి పోకుండా ఆపడమే దాని పని. ఆ మడత కిందే గోరు పుట్టే చోటు ఉంటుంది. రక్తం వచ్చిందంటే మీరు నెట్టింది చచ్చిన పొరను కాదు, చర్మాన్నే. వారం వారం కత్తిరిస్తే తెగిన అంచు ఎండి, గరుకై, చీలికలు చీలికలుగా లేస్తుంది, దాన్ని చూసి మీరు మళ్లీ కత్తెర పడతారు, ఇక దీనికి అంతెక్కడ?

ఇవాళ స్నానం అయ్యాక ఓ పని చేయండి. వేలిని పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, తడి మెత్తటి గుడ్డ చుట్టిన ఇంకో వేలితో ఆ పొరను వెనక్కి, చాలా నెమ్మదిగా తోయండి. జారి వెనక్కి వెళ్లిందంటే అది మామూలు క్యూటికలే, ఎక్కువగా పేరుకుంది, అంతే. రోజుకు రెండు మూడుసార్లు పెట్రోలియం జెల్లీ రాయండి, గిన్నెలు తోమేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, పైకి లేచి చిక్కుకుంటున్న కొసను మాత్రం కత్తిరించండి, లాగొద్దు. క్యూటికల్ రిమూవర్లు నాకైతే ఇష్టం లేదు. వాటిలో చాలావరకు క్షారం ఉంటుంది, చచ్చిన పొరతో పాటు పక్కనున్న చర్మాన్నీ తినేస్తుంది.

జారకుండా గోరుతో అతుక్కుపోయి ఉంటే కథ వేరు. మడత చర్మం ముందుకు పెరిగి గోటి అడుగుకి అంటుకుపోతే గోరు మధ్యలో పల్చబడి, రెండు రెక్కల్లా చీలుతుంది. డాక్టర్లు దీన్ని టెరిజియం అంటారు, గ్రీకులో చిన్న రెక్క అని అర్థం. దెబ్బ వల్ల రావచ్చు, లైకెన్ ప్లానస్ అనే చర్మ వ్యాధి వల్ల కూడా రావచ్చు. అద్దంలో బుగ్గల లోపలి వైపు చూసుకోండి, తెల్లటి లేసు అల్లికలాంటి గీతలున్నాయా? మణికట్టు మీద దురద పెట్టే ఊదారంగు బొడిపెలు? ఉంటే ఈ వారమే చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లండి, ఎందుకంటే మచ్చకట్టిన గోరు మళ్లీ మామూలుగా అవ్వదు, ముందే మందు వాడితే మిగిలిన గోరు దక్కుతుంది. అవేవీ లేకపోయినా, అతుక్కుపోయిందనిపిస్తే చూపించుకోవడమే మంచిది.

ఫంగస్ సంగతి అడిగారు. దానికి గోరే పచ్చబడి, మందమై, పొడిపొడిగా రాలుతుంది, చర్మం ఇలా పైకి పాకదు. ఆ పెరిగినది గరుకుగా ఉండి నల్లటి చుక్కలు కనిపిస్తే అది పులిపిరి కావచ్చు, కత్తిరిస్తే పక్కకి కూడా అంటుతుంది. మందుకు లొంగకుండా నెలల తరబడి ఒకే వేలిని పట్టుకుని ఉన్న ‘పులిపిరి’ని, గోరు మీది నుంచి చర్మంలోకి పాకిన నల్ల చారను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, అరుదుగా అది క్యాన్సర్ కావచ్చు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. వేలు ఎర్రగా వాచి, సలుపుతూ, చీము పడితే అది గోరుచుట్టు, ఆ రోజే చూపించుకోండి.

ప్రశ్న: నాకు పైన కాదు, గోరు కొస కింద చర్మం గోరుతో పాటే ముందుకు వస్తోంది. గోరు తీసుకుంటుంటే తెగి ప్రాణం పోతోంది. ఏడాదిగా జెల్ పాలిష్ వేసుకుంటున్నాను.

జవాబు: జెల్ ఆపండి. ఇలాంటివాళ్లలో చాలామందికి పాలిష్ మానేశాక కొన్ని నెలల్లో చర్మం తనంతట తాను వెనక్కి వెళ్తుంది. అందాకా గోరు కత్తిరించకుండా ఫైల్‌తో కొంచెం కొంచెం అరగదీయండి. చలికి వేళ్లు పాలిపోయి తర్వాత నీలంగా మారడం, చర్మం బిగుసుకోవడం లాంటివి కూడా ఉంటే మాత్రం ఆగకుండా డాక్టర్‌కి చెప్పండి, అప్పుడు కారణం పాలిష్ కాకపోవచ్చు.