మ్యూజియం ఉచితమే, ఖర్చంతా దారిలోనే

ప్రశ్న: ఎమ్మెస్ చదవడానికి లండన్ వచ్చాను. శని, ఆదివారాల్లో మ్యూజియాలు, తోటలు, పాత భవంతులు చూడాలని ఉంది. తక్కువ ఖర్చులో ఎలా?

జవాబు: కొత్తగా దిగినవాళ్ళంతా ప్రవేశ టికెట్ల గురించే బెంగపడతారు. బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, నేషనల్ గ్యాలరీ, సైన్స్ మ్యూజియం అన్నీ ఉచితం. ప్రత్యేక ప్రదర్శనలకే టికెట్టు. విరాళం పెట్టెలో ఏమీ వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. డబ్బు కారిపోయేది ప్రయాణాల్లో.

ట్యూబులో, అంటే లండన్ భూగర్భ రైల్లో, లోపలికి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ ఒకే కార్డు ట్యాప్ చేయాలి. ఎక్కేటప్పుడు ఫోనుతో, దిగేటప్పుడు ప్లాస్టిక్ కార్డుతో చేశారా, ఖాతా ఒకటే అయినా సిస్టమ్ లెక్కలో అవి రెండు సగం ప్రయాణాలు. రెండింటికీ గరిష్ఠ చార్జీ పడుతుంది. ఇండియా కార్డు వాడితే మీ బ్యాంకు ఫారెక్స్ రుసుము అదనం. బస్సులో ఎక్కేటప్పుడు ట్యాప్ చేస్తే చాలు. ఆ ట్యాప్ నుంచి గంటలోపు ఎక్కే మిగతా బస్సులకి మళ్ళీ చార్జీ ఉండదు.

రైలు చార్జీల్లో తగ్గింపునిచ్చే 16-25 రైల్‌కార్డు తీసుకోండి. వయసు దాటినా ఫుల్‌టైం విద్యార్థులకి ఇస్తారు. చాలామంది కొని ఫోనులో పెట్టుకుని ఊరుకుంటారు, తగ్గింపేదీ అని అడుగుతారు! డబ్బు నింపుకుని ట్యాప్ చేసే ఆయిస్టర్ కార్డు పట్టుకెళ్ళి ట్యూబ్ స్టేషన్‌లో సిబ్బంది చేత దానికి జోడించుకుంటేనే రద్దీలేని వేళల చార్జీలో మూడో వంతు తగ్గేది. శని, ఆదివారాలు రోజంతా ఆ చార్జీలే.

రోజుకి ఒక్క పేట పెట్టుకోండి. బ్రిటిష్ మ్యూజియంలో అన్నీ చూసేద్దామని పరుగెత్తకండి. నేరుగా 33ఎ గదికి వెళ్ళండి, మన అమరావతి మహాచైత్యం శిల్పాలు అక్కడున్నాయి. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించినవి వాటిలో ఉన్నాయి. ముందు గేటు దగ్గర క్యూ పెద్దదైతే వెనక మాంటగ్యూ ప్లేస్ వీధి వైపు తెరిచి ఉందేమో చూడండి. ఈ గదికి అదే దగ్గర. సూట్‌కేసుతో మాత్రం రానివ్వరు. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, శనివారం జనం కంటే అదే నయం. అక్కణ్ణుంచి నడిచి వెళ్ళే దూరంలోనే ఆర్కిటెక్ట్ సర్ జాన్ సోన్ ఇల్లు, ఇప్పుడది మ్యూజియం. అదీ ఉచితమే, సోమ, మంగళవారాలు సెలవు. గదులు మరీ ఇరుకు, బ్యాక్‌ప్యాక్ ఇంట్లో వదిలి వెళ్ళండి.

తోటల్లో పేరున్న క్యూ గార్డెన్స్‌కి టికెట్టు తప్పదు. గేటు దగ్గర కొనేకన్నా ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ, విద్యార్థులకి ఇంకా తక్కువ. జోన్ 1, అంటే నగరం నడిబొడ్డు, మీదుగా కాకుండా వెళ్ళే దారి ఉంటే చార్జీ కూడా తగ్గుతుంది. చలికాలంలో అక్కడి పామ్ హౌస్ అనే అద్దాల మేడలోకి అడుగుపెట్టగానే కళ్ళజోడు మసకబారుతుంది, మన వానాకాలపు ఉక్కపోతే మరి. పులిహోర డబ్బా తీసుకెళ్ళి పచ్చికలో కూర్చుని తినొచ్చు. అక్కడి కెఫేలో ఒక పూట తిండి బిల్లు చూస్తే ఆకలి చచ్చిపోతుంది. క్యూ గార్డెన్స్ టికెట్టూ బరువనిపిస్తే ఏప్రిల్ చివర్లో రిచ్‌మండ్ పార్క్‌లోని ఇసబెల్లా ప్లాంటేషన్‌కి వెళ్ళండి. అజేలియాలు విరగబూసి ఉంటాయి, పైసా ఖర్చు లేదు.

పాత భవంతుల్లో ముందు కెన్‌వుడ్ హౌస్ చూడండి. ఉచితం, పైగా రెంబ్రాంట్, వెర్మీర్ చిత్రాలున్నాయి. పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ భవంతుల్లో టికెట్టు కొనేటప్పుడు "గిఫ్ట్ ఎయిడ్‌తోనా?" అని మర్యాదగా అడుగుతారు. మొహమాటానికి తలూపకండి. అందులో విరాళం కలిపి ఉంటుంది, దాని మీద సంస్థ ప్రభుత్వం నుంచి పన్ను సొమ్ము రాబట్టుకుంటుంది, పైగా మీరు బ్రిటన్‌లో ఆదాయపు పన్ను కడుతున్నట్టు ఒప్పుకున్నట్టే. కట్టనివాళ్ళు సంతకం పెడితే ఆ పన్ను సొమ్ము తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది. "స్టాండర్డ్" అంటే సరి. ఈ భవంతుల్లో ఇంటిని తోట కంటే ఆలస్యంగా తెరిచి ముందే మూసేస్తారు, చలికాలంలో కొన్ని పూర్తిగా మూతే. సెప్టెంబరులో ఓపెన్ హౌస్ పండుగ రోజుల్లో మామూలుగా రానివ్వని భవనాలు ఎన్నో ఉచితంగా తెరుస్తారు. కొన్నింటికి ముందే పేరు నమోదు చేసుకోవాలి.

బయలుదేరే ముందు రోజు రాత్రి లైన్ల మరమ్మతుల సంగతి నగర రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సైట్‌లో చూసుకోండి. అవి ఎక్కువగా శని, ఆదివారాల్లోనే పెడతారు.