అడోబ్ యానిమేట్‌లో మాటకూ పెదవుల కదలికకూ పొంతన తప్పుతున్న సమస్యకు సమాధానం

బొమ్మలకు కదలిక ఇచ్చే అడోబ్ యానిమేట్ సాఫ్ట్‌వేర్‌లో మీ పాత్ర మాటకూ పెదవులకూ పొంతన ఎందుకు తప్పుతోందని అడిగారు. మీ 40 సెకన్ల వాయిస్ మొదట్లో సరిగా ఉండి, చివరికి వచ్చేసరికి పెదవుల కదలికను దాటిపోతోందంటే, లోపం చాలావరకు రికార్డింగ్‌లో కాక సింక్ సెట్టింగ్‌లోనే, అంటే ధ్వని బొమ్మతో ఎలా కలిసి నడవాలో చెప్పే సెట్టింగ్‌లోనే ఉంటుంది. టైమ్‌లైన్‌పై ఉంచిన ధ్వని మొదట ఈవెంట్ పద్ధతిలో ఉంటుంది కనుక, బొమ్మలు గీయడంలో కంప్యూటర్ వెనకబడినా ధ్వని తన వేగంతో తాను సాగిపోతుంది.

1. టైమ్‌లైన్‌పై ధ్వని మొదలయ్యే కీఫ్రేమ్‌ను (ధ్వనిని చేర్చిన ఫ్రేమును) ఎంచుకొని, ప్రాపర్టీస్ ప్యానెల్‌లోని సౌండ్ విభాగంలో సింక్‌ను స్ట్రీమ్‌కు మార్చండి. అప్పుడు కొన్ని ఫ్రేములను వదిలేసి అయినా బొమ్మ ధ్వనితో కలిసి నడుస్తుంది.

2. చాలామంది మరిచిపోయేది ఈ మెట్టునే. స్ట్రీమ్ ధ్వని తన లేయర్‌లో ఫ్రేములు ఉన్నంతవరకే వినిపిస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున మీ వాయిస్‌కు 960 ఫ్రేములు కావాలి. కాబట్టి అదే లేయర్‌లో 960వ ఫ్రేమును ఎంచుకొని, ఫ్రేములను అక్కడిదాకా పొడిగించే ఎఫ్5 మీట నొక్కి, ధ్వనిని చూపే తరంగ రేఖ చివరిదాకా కనిపిస్తోందో లేదో చూడండి. ఇది చేయనందువల్ల మాట మధ్యలో తెగితే, స్ట్రీమే తప్పనుకొని మళ్ళీ ఈవెంట్‌కు వెళ్ళిపోయేవారు ఎందరో ఉన్నారు. దయచేసి మీరు అలా మార్చకండి.

3. ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములో, ముందే ఖరారు చేసుకోండి. తర్వాత మారిస్తే ఈ లెక్కతోపాటు పెదవుల కదలికనూ మళ్ళీ సరిచేయవలసి వస్తుంది.

యానిమేట్‌లో నేరుగా రికార్డు చేసే వీలు లేదు కాబట్టి, వాయిస్‌ను మళ్ళీ చెప్పవలసి వస్తే ఆడాసిటీ అనే ధ్వని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలుగా ఎగుమతి చేసి తెచ్చుకోండి.