ఆక్సిజన్ మీద ఉన్నవారికి బ్రాంకోస్కోపీ చేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. న్యుమోనియా తగ్గక ఆస్పత్రిలో ఉన్నారు. 2 లీటర్ల ఆక్సిజన్ పెట్టారు. మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. ఇప్పుడు బ్రాంకోస్కోపీ చేయాలంటున్నారు. ఆయన తట్టుకుంటారా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలామంది తట్టుకుంటారమ్మా. బ్రాంకోస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని ముక్కు లేదా నోటి గుండా ఊపిరితిత్తుల్లోకి పంపి చూడటం. ప్రాణాపాయం చాలా అరుదు. కానీ డాక్టరు గారిని ముందే ఒక మాట అడగండి: లోపల కడిగి ఆ నీటిని మాత్రమే పరీక్షకు తీస్తారా, ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క కూడా తీస్తారా? ముప్పు ఎంతన్నది చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.

కడగడానికి 100 నుంచి 200 మిల్లీలీటర్ల సెలైన్‌ను విడతలవారీగా ఊపిరితిత్తిలో ఒక భాగంలోకి పంపి, మళ్లీ లాగుతారు. పంపిందంతా వెనక్కి రాదు. కొంత లోపలే ఉండి మెల్లగా ఇంకుతుంది. పైగా 5, 6 మిల్లీమీటర్ల లావున్న గొట్టం ఉన్నంతసేపూ గాలికి దారి ఇరుకవుతుంది. అందుకే ఆక్సిజన్ పడిపోతుంది. మీ నాన్నగారి విషయంలో అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. 2 లీటర్లు సరిపోక కొన్ని గంటలపాటు 4, 6 లీటర్లు పెట్టాల్సి రావచ్చు. వార్డుకు తెచ్చాక కూడా వేలికి పల్స్ ఆక్సీమీటరు ఉండేలా చూడండి. ఆక్సిజన్ అంకె 90 కన్నా తగ్గి అక్కడే ఉంటే వెంటనే నర్సును పిలవండి.

ఊపిరితిత్తి లోపలి నుంచి ముక్క తీస్తే రక్తస్రావం, న్యూమోథొరాక్స్ అనే రెండు ముప్పులు కలుస్తాయి. రెండోదంటే, గాలి ఊపిరితిత్తి బయటికి చేరి దాన్ని నొక్కేయడం. ఇది నూటికి 1 నుంచి 5 మందిలో రావచ్చు. గంట తర్వాత ఛాతీ ఎక్స్‌రే తీసేది అందుకే. అది బాగున్నా, తర్వాత ఒక పక్క నొప్పి, ఆయాసం మొదలైతే ఊరుకోవద్దు.

క్లోపిడోగ్రెల్ రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. ముక్క తీయాలంటే దాన్ని 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి. స్టెంట్ ఉంది కాబట్టి గుండె డాక్టరు చెప్పకుండా మీరు మాత్రం ఆపకండి. అదే పనికి వాడే ఆస్పిరిన్‌ను సాధారణంగా ఆపరు. కడగడం వరకే అయితే క్లోపిడోగ్రెల్ కూడా కొనసాగించవచ్చు.

పరీక్షకు 6 గంటల ముందు నుంచి ఆహారం, 2 గంటల ముందు నుంచి నీళ్లు ఇవ్వరు. పరీక్ష అయ్యాక 2 గంటలూ ఏమీ ఇవ్వకూడదు, ఇంట్లోవాళ్లు ఏమరుపాటుగా ఉండేది అప్పుడే. లిగ్నోకెయిన్ అనే మత్తుమందుతో గొంతు మొద్దుబారి ఉంటుంది. పాపం ఆకలేస్తోందని కాఫీ పడితే అది ఊపిరితిత్తిలోకి పోవచ్చు. 2 గంటలు గడిచాక, ముందు కూర్చోబెట్టి ఒక గుక్క నీళ్లు ఇవ్వండి. పొలమారితే ఆగండి.

ఆ సాయంత్రం చలిజ్వరం రావడం మామూలే, పారాసిటమాల్‌తో ఒక రోజులో తగ్గుతుంది. కళ్లెలో ఎర్రటి చారలు కనిపించినా కంగారు వద్దు. చెంచాడేసి తాజా రక్తం పడుతుంటే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా చెప్పండి.