లిఫ్టు దగ్గర బోర్డు

ప్రశ్న: అమ్మగారూ, మాది ఆరిలోవ. మా అమ్మ ఎంవీపీ కాలనీలో ఒకే అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లలో పనిచేస్తుంది. అందులో రెండిళ్లు ఐదో అంతస్తులో. ఈమధ్య అక్కడ లిఫ్టు పక్కన ‘పనివారు, డెలివరీ బాయ్స్ లిఫ్టు వాడరాదు’ అని బోర్డు పెట్టారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. నేనొచ్చి వాచ్‌మన్‌ని అడుగుతానంటే ‘ఉన్న పని ఊడుతుంది, నీకెందుకే’ అంటుంది. నేను డిగ్రీ చదువుతున్నాను. మాలాంటి వాళ్లం గొడవ లేకుండా ఏమైనా మార్చగలమా?
– ఒక విద్యార్థిని, ఆరిలోవ

జవాబు: ముందు వాచ్‌మన్‌ని వదిలెయ్ తల్లీ. ఆ బోర్డు అతను రాయించింది కాదు.

మీ అమ్మ భయం ఉత్త భయం కాదు. ఆవిడొక్కతే అడిగితే మర్నాటికి ఆ ఇంట్లో ఇంకొకరు అంట్లు తోముతుంటారు. అందుకే మొదట చేయాల్సింది, ఆ అపార్ట్‌మెంట్‌కి వచ్చే పనివాళ్లంతా ఒక మాట మీదకి రావడం. పొద్దున్నే ఒకే వేళకి షేర్ ఆటోలెక్కుతారు కదా, సగం మీటింగ్ అక్కడే అయిపోతుంది. తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఎవరినైనా మాన్పిస్తే మిగతావాళ్లెవరూ ఆ ఇంట్లో చేరకూడదు. ఆ నమ్మకం కుదిరేదాకా బోర్డు ఊసెత్తకండి.

అమెరికాలో మాంట్‌గొమరీ అని ఒక ఊరుంది. అక్కడి సిటీ బస్సుల్లో నల్లజాతివాళ్లు వెనక కూర్చోవాలి, తెల్లవాళ్లకి సీటు చాలకపోతే లేచి ఇవ్వాలి. 1955 డిసెంబర్‌లో కుట్టుపని చేసుకునే రోజా పార్క్స్ లేవనంది. అరెస్టు చేశారు. ఆ తర్వాత 381 రోజులు నల్లజాతివాళ్లు బస్సెక్కడం మానేశారు. దాన్ని ముందుండి నడిపించిన మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీ పాఠాల్లో ఉండే ఉంటుంది. కానీ రోజూ ఎండలో, చలిలో నడిచినవాళ్లలో ఎంతోమంది తెల్లవాళ్ల ఇళ్లలో వంట, ఇంటిపని చేసే ఆడవాళ్లు. మీ అమ్మలాంటివాళ్లు. పనావిడ రాకపోతే ఇల్లు గడవదని కొందరు తెల్ల ఇల్లాళ్లు తామే కారు వేసుకెళ్లి వాళ్లని తెచ్చుకునేవాళ్లట! మీరిలా చేస్తే ఎలా అని మేయర్ వాళ్లమీద మండిపడ్డాడు. అయినా చాలామంది మానలేదు. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకుంది. ఆవిడా, తోటి ఆడవాళ్లూ భోజనాలు, కేకులు చేసి అమ్మి ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చారు. అంటే పని పోయినవాళ్ల సంగతేమిటన్నది అక్కడా వచ్చింది. మీరూ ముందే వారానికింత అని వేసుకుని ఒకరి దగ్గర ఉంచండి, చిట్టీ కట్టడం మీకు నేనేం నేర్పక్కర్లేదు.

ఇంకో సంగతి. మొదట్లో వాళ్లు వేరు సీట్లు ఎత్తేయమని కూడా అడగలేదు. మర్యాదగా మాట్లాడండి, ముందెక్కినవాళ్లని లేపకండి, మేం ఎక్కువగా ఎక్కే రూట్లలో మావాళ్లని డ్రైవర్లుగా పెట్టండి అన్నారు. అంతే. అదీ కాదనిపించుకున్నాక కోర్టుకెళ్లారు. 1956లో సుప్రీంకోర్టు ఆ వేరు సీట్ల పద్ధతినే కొట్టేసింది. మీరూ ‘సమానత్వం’ అని మొదలుపెట్టకండి. బోర్డు తీసేయమనండి, చాలు.

అడగడం కూడా మీ నోటితో కాకపోతే మేలు. ఆ ఐదో అంతస్తులో మీ అమ్మంటే ప్రాణం పెట్టే పెద్దావిడ ఎవరో ఒకరు ఉండకపోరు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, కాఫీ దగ్గర్నుంచి కాళ్లనొప్పుల దాకా మీ అమ్మతోనే కబుర్లు. ఆవిడ్ని అడగమనండి. ఇలాంటి అసోసియేషన్లలో మామూలుగా అద్దెవాళ్ల మాట చెల్లదు కాబట్టి ఇద్దరు ముగ్గురు ఓనర్ల సంతకాలతో సెక్రటరీకి కాగితం వెళ్లాలి. ‘ఈ బోర్డు ఏ తీర్మానం ప్రకారం పెట్టారు? వచ్చే జనరల్ బాడీలో చర్చకు పెట్టండి’ అని. ఇలాంటి బోర్డులు చాలావాటికి తీర్మానమే ఉండదు, ఎవరో ఒకాయన విసుగు అది.

అప్పటికీ కదలకపోతే రూల్‌ని అక్షరాలా పాటించండి. నేను పనిచేసిన ఆఫీసులో ఆడవాళ్లకి వేరే బాత్రూమ్ ఉండేది కాదు. ఎన్ని అర్జీలిచ్చినా ఫైల్లోకే. ఆఖరికి రోజూ పదకొండింటికి ఆడవాళ్లందరం ఒకేసారి పర్మిషన్ చీటీ రాసిచ్చి ఇంటికెళ్లి వచ్చేవాళ్లం. ఒక్క నినాదం లేదు. నెల తిరక్కుండానే మేస్త్రీ వచ్చాడు. మీ అమ్మావాళ్లూ అంతే. లిఫ్టు వద్దన్నారు కాబట్టి ప్రతి అంతస్తులో కాసేపు కూర్చుని ఎక్కాలి. స్కూలు బస్సు వేళకి టిఫిన్ గిన్నెలు అలాగే ఉంటాయి. ఓనరమ్మ కూరగాయల సంచి, బియ్యం బస్తా కిందే ఉంటాయి. కోపంగా కాదు, నవ్వుతూ, ‘మెట్లెక్కి రావాలి కదమ్మా’ అనాలి. దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపే రోజులు చూసుకుని మొదలుపెట్టండి. అప్పుడు ఎవరూ పనివాళ్లని వదులుకోరు.

నువ్వు మాత్రం బోర్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకు, కనీసం ఇప్పుడే. ఊరంతా తిట్టేసరికి మీ వైపు ఉన్న ఆ పెద్దావిడ కూడా బిగుసుకుపోతుంది.

ప్రశ్న: గాంధీ విగ్రహం దగ్గర టెంట్ వేసుకుని కూర్చుంటే ఎవరికి పట్టింది? నాలుగు బస్సుల అద్దాలు పగిలితే తప్ప ఈ దేశంలో ఏదీ కదలదు. కాదంటారా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కాదంటాను. టెంట్ చూసి చూసి జనానికి అలవాటైపోతుందన్నది నిజమే, ఊరికే కూర్చుంటే చాలదు. కానీ విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ పక్కనే గాజువాకలో ఉండి మీరీ మాట అనడం ఆశ్చర్యం. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు గారు విశాఖలో నిరాహార దీక్షకి కూర్చున్నారు. ఆ దీక్షే రాష్ట్రాన్ని కదిలించింది. తర్వాత అల్లర్లు, కాల్పులు. 32 మంది పోయారు. ఫ్యాక్టరీ ప్రకటన వచ్చింది 1970లో.

ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్ అనే ఇద్దరు పరిశోధకులు 1900 నుంచి 2006 దాకా ప్రభుత్వాలని దించడానికో, పరాయి పాలన వదిలించుకోడానికో జరిగిన 323 ఉద్యమాలు లెక్కేశారు. ఆయుధం పట్టనివి సగానికి పైగా గెలిచాయి. పట్టినవాటిలో గెలిచింది సుమారు నాలుగో వంతే. వాళ్లు చెప్పిన ముఖ్య కారణం, శాంతియుతంగా ఉంటే ఎక్కువమంది రాగలరు. అద్దాలు పగిలే ఊరేగింపుకి మీ అమ్మగారిని, చెల్లెల్ని పంపిస్తారా? రేపు పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో కేసు కనిపించేది అద్దం పగలగొట్టమన్న నాయకుడి పేరు మీద కాదు, మీ పేరు మీద.