బస్సులో కూర్చుంటే "డ్రైవింగ్‌లో ఉన్నాను" అంటోంది!

ప్రశ్న: నేను రోజూ ఖమ్మం నుంచి వైరాకు ఆర్టీసీ బస్సులో ఉద్యోగానికి వెళ్తుంటాను. కొత్త ఫోన్ కొన్నప్పటి నుంచి, బస్సు ఊరు దాటగానే రింగు వినిపించడం ఆగిపోతోంది. మా అమ్మాయి మెసేజ్ పెడితే "డ్రైవింగ్‌లో ఉన్నాను" అని దానంతటదే జవాబు వెళ్లిపోతోంది. నాకు సైకిల్ తొక్కడం కూడా రాదు! నేనేం చేస్తున్నానో ఫోన్‌కు ఎలా తెలుస్తోంది? దీన్ని ఆపడం ఎలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు వాహనంలో వెళ్తున్నారన్నంత వరకే మీ ఫోన్ పసిగట్టగలిగింది, దాన్ని నడుపుతున్నది మీరేనన్నది దాని ఊహ. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ అనే చిన్న సెన్సర్ కదలికలో వచ్చే మార్పులను సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తుంది. నడిచేటప్పుడు అడుగడుక్కీ ఒక లయలో కుదుపు వస్తుంది. వాహనంలో ఆ లయ పోయి, ఇంజను అదురు, బ్రేకు వేసినప్పటి తూగు కనిపిస్తాయి. జీపీఎస్ చూపే వేగం కూడా తోడైతే ప్రయాణాన్ని గుర్తించడం తేలికే. చిక్కల్లా, స్టీరింగ్ పట్టుకున్న డ్రైవరు జేబులోని ఫోనుకూ, వెనక సీటులో మీ చేతిసంచిలోని ఫోనుకూ తగిలే కుదుపులు దాదాపు ఒకేలా ఉండడం. అనుమానం వచ్చినప్పుడు రింగు ఆపడం సబబే గానీ, మీ తరఫున లేనిపోని జవాబు పంపడం మాత్రం అతి అనే నా అభిప్రాయం.

పరిసరాలను బట్టి నడుచుకునే పరికరాలు స్మార్ట్‌ఫోన్లతో పుట్టినవి కావు. 1990ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో, ఒలివెట్టి అనే కంపెనీ పరిశోధనశాల ఉద్యోగులు 'యాక్టివ్ బ్యాడ్జ్' అనే బిళ్లను ధరించేవారు. అది సుమారు 15 సెకన్లకోసారి పంపే పరారుణ సంకేతాన్ని గదుల్లోని సెన్సర్లు అందుకుని, ఎవరు ఎక్కడున్నారో రిసెప్షనిస్టుకు చూపిస్తే, ఆమె ఫోన్‌కాల్‌ను ఆ గదికి కలిపేవారు. అక్కడ ఆచూకీ చెప్పడం వరకే యంత్రం పని. కాల్ కలపాలా వద్దా అన్నది మనిషి చూసుకునేవారు. మీ ఫోన్ ఆ రెండో పనీ తానే చేయబోయి తడబడుతోంది.

సెట్టింగ్స్‌లో 'డ్రైవింగ్' అని వెతకండి. పేర్లు మోడల్‌ను బట్టి కొంత మారినా, చాలా ఫోన్లలో ఈ ఏర్పాటును పూర్తిగా ఆపేయవచ్చు, లేదా కారు బ్లూటూత్‌కు కలిసినప్పుడే పనిచేసేలా మార్చుకోవచ్చు. మీకు కారు లేకపోతే ఆపేయడమే మేలు. 'ఆటో రిప్లై' విడిగా ఉంటే దాన్నీ తీసేయండి. పనిలో పనిగా యాప్‌ల అనుమతుల జాబితాలో 'ఫిజికల్ యాక్టివిటీ' (అంటే మీ నడక, ప్రయాణం లాంటి కదలికలను గమనించే అనుమతి) కూడా చూడండి. మీ ఫోన్ ఆండ్రాయిడ్ 10 లేదా ఆ తర్వాతిదైతే, అడుగులు లెక్కించే యాప్ లాంటివి ఈ అనుమతిని విడిగా అడగాలి. టార్చిలైటు యాప్‌కు అది ఇచ్చి ఉంటే వెంటనే రద్దు చేయండి.